రోజూ కిల్ట్ కట్టుకునే మగవాళ్ళు: మనలో ఎవరైనా ఉన్నారా?

గ్రానైట్‌ఊరు (అబర్డీన్) | శనివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇన్నాళ్ళూ వీసాల గురించి, ఇంటి అద్దెల గురించి, పిల్లల తెలుగు గురించి రాశాను. ఈరోజు బట్ట గురించి అడుగుతున్నాను.

పోయిన ఏడాది ఏప్రిల్ నుంచి వారంలో ఐదారు రోజులు నేను కిల్ట్‌లోనే ఉంటున్నాను. అదే, స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకు చుట్టుకునే, మోకాళ్ళ దాకా వచ్చే కుచ్చిళ్ళ గళ్ళ బట్ట. ఇక్కడ చాలామంది పెళ్ళికో, జనవరిలో బర్న్స్ నైట్‌కో (కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిపే విందు) కట్టుకుని మళ్ళీ బీరువాలో పెట్టేస్తారు. నేను మాత్రం ఆఫీసుకి, కూరగాయలకి, పాపను బడిలో దింపడానికి కూడా అదే కట్టుకుని వెళ్తాను.

మాది తణుకు. ఇంట్లో తాత పంచె, నాన్న గళ్ళ లుంగీ. పదో తరగతి అయ్యాక నాకూ లుంగీయే. ఉద్యోగం వచ్చాక అది పడగ్గదికి పరిమితమైపోయింది. ఎవరైనా కాలింగ్ బెల్ కొడితే లోపలికి పరిగెత్తి ప్యాంటు తొడుక్కుని వచ్చి తలుపు తీసేవాణ్ణి. ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. ఓ సోమవారం మా ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒకాయన కిల్ట్‌లో వచ్చాడు. పైన పాత స్వెటర్, కాళ్ళకు పని బూట్లు. ఎవరూ తలెత్తి చూడలేదు. ఆ సాయంత్రం ఇంట్లో లుంగీ ముడి వేసుకుంటుంటే ఆయనే గుర్తొచ్చాడు. ఆయన ఇంటి బెల్ మోగితే బట్ట మార్చుకోవడానికి లోపలికి వెళ్ళడు కదా అనుకున్నాను.

మొదటి రోజు సంగతి ఒకటి చెప్పాలి. పంచెకు కుచ్చిళ్ళు ముందుంటాయి కాబట్టి నేను కిల్ట్ కూడా అలాగే కట్టుకుని బయల్దేరాను. యూనియన్ స్ట్రీట్ బస్‌స్టాప్‌లో ఓ పెద్దావిడ చేతిసంచీ కింద పెట్టి, నా దగ్గరికి వచ్చి, కుచ్చిళ్ళు వెనక్కి ఉండాలి బాబూ అని మెల్లగా చెప్పింది. పట్టీలు వదులు చేసి అక్కడే తిప్పుకున్నాను. ఆవిడ ముందు అంచును రెండు వేళ్ళతో పట్టి కిందికి లాగి, మోకాలిచిప్ప మధ్యకి వచ్చిందా లేదా చూసి, ఇప్పుడు బాగుంది అంది. పెళ్ళిపీటల మీదికి వెళ్ళే ముందు మా నాయనమ్మ నా పంచె సర్దిన తీరు సరిగ్గా ఇలాగే ఉండింది.

మనలో ఇంకెవరైనా రోజూ కట్టుకుంటున్నారా? ఆఫీసులో, ఇంట్లో ఏమన్నారు? ఉన్నది ఉన్నట్టు రాయండి.

సియాటిల్_వడ్రంగి (సియాటిల్) | శనివారం, ఉదయం 9:02

అన్నా, నేనున్నాను. ఐదేళ్ళుగా.

నాది గళ్ళ ఉన్ని కిల్ట్ కాదు. మా ఊళ్ళో 2000లో యుటిలికిల్ట్స్ అని ఒక కంపెనీ మొదలైంది. మందపాటి కాన్వాస్ గుడ్డతో, పక్కన పెద్ద పెద్ద జేబులతో, పని చేసుకునేవాళ్ళ కోసం కుట్టారు. గళ్ళు లేవు, వంశపు గుర్తు లేదు, పండగ లేదు. సుత్తి తగిలించుకోవడానికి ఓ కొక్కెం ఉంటుంది. ఈ ఊళ్ళో బస్సులో, బజార్లో కిల్ట్ కట్టుకున్న మగవాళ్ళు కనబడడం మామూలే.

నేను వారమంతా కంప్యూటర్ ముందు, శనాదివారాలు గరాజ్‌లో చెక్కపని. రోజుకు నలభై సార్లు వంగి లేవాలి, మోకాళ్ళ మీద కూర్చోవాలి. జీన్స్ తొడల దగ్గర పట్టేసి, చెమటకి ఒరుసుకుని మంట పుట్టేది. కిల్ట్‌తో అది పోయింది. ఒక్క జాగ్రత్త. వెల్డింగ్, గ్రైండింగ్ చేసే రోజు మాత్రం కట్టుకోను, నిప్పురవ్వలు నేరుగా కాళ్ళ మీద పడతాయి.

ఒరుసుకునే బాధ నాకొక్కడికే కాదు. మా రాష్ట్రంలోనే ఒక పోస్ట్‌మ్యాన్, యూనిఫాంలో కిల్ట్ కూడా చేర్చాలని 2008లో ఉత్తరాలు పంచేవాళ్ళ యూనియన్ జాతీయ సమావేశం దాకా తీర్మానం తీసుకెళ్ళాడు. ఓటింగులో వీగిపోయింది. రోజంతా భుజాన సంచితో నడిచే మనిషి అడిగిన మాట అది. నెగ్గి ఉంటే బాగుండేదని ఇప్పటికీ నాకుంది.

పంచెకట్టు (విజయవాడ) | శనివారం, ఉదయం 11:40

నాయనా, నేను రిటైరైన తెలుగు మాస్టర్ని. మా అబ్బాయి ఈ పేజీ చూపించాడు. మీ ఇద్దరి ఉత్తరాలూ చదివాను. మనసు కష్టపెట్టుకోకుండా వినండి.

పరాయి దేశపు చుట్టుగుడ్డను అంత ప్రేమగా కట్టుకుంటున్న మీరు మన పంచెను ఎందుకు కట్టుకోలేకపోయారు? మధురైలో 1921లో కొల్లాయి కట్టిన గాంధీ గారు 1931లో అదే గుడ్డతో లండన్ వెళ్ళారు, రాజుగారి విందుకీ అలాగే వెళ్ళారు. పి.వి. నరసింహారావు గారు పంచెలో ప్రధానమంత్రిగా ఉన్నారు. వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా ఉన్నన్నాళ్ళూ పంచె విడవలేదు. మనకు లేనిది ఏముందని అక్కడ వెతుక్కుంటున్నారు?

మాటకి వస్తే ఒక చిన్న సంగతి. మన భాషలో చొక్కా వేసుకుంటాం, ప్యాంటు తొడుక్కుంటాం, పంచె కట్టుకుంటాం. మీరు కిల్ట్‌కి "కట్టుకోవడం" అని రాశారు. ఆ మాట మీకు తెలియకుండానే వచ్చిందనుకుంటాను. నాకు బాధ కలిగించిందీ అదే, కొంచెం సంతోషం కలిగించిందీ అదే.

లీత్‌పిల్లాడు (ఎడిన్‌బరో) | శనివారం, మధ్యాహ్నం 1:15

మాస్టారు గారూ, నమస్తే. నా తెలుగులో తప్పులుంటే క్షమించండి. అమ్మ నేర్పింది.

నేను ఇక్కడే పుట్టాను. నాకు 19. బడిలో పైప్ బ్యాండ్‌లో బ్యాగ్‌పైప్ వాయించాను. పన్నెండేళ్ళప్పుడు మొదటి కిల్ట్ కట్టాను. అప్పటి నుంచి కేలీ డాన్సులకి (ఇక్కడి జానపద నృత్యాలు), ఫుట్‌బాల్ మ్యాచ్‌కి, స్కాట్లాండ్ ఆడే రోజు స్నేహితులందరితో కలిసి ఊరేగడానికి అదే. పోయిన ఏడాది గుంటూరులో మామయ్య పెళ్ళికి పంచె కట్టారు. అది కూడా నాకు చాలా నచ్చింది. రెండూ నావే అని నాకు అనిపిస్తుంది. ఒకటి అమ్మమ్మ ఊరిది, ఒకటి నేను పుట్టిన ఊరిది. మీరు పరాయి దేశం అన్నప్పుడు నాకు కొంచెం కష్టంగా అనిపించింది.

గ్రానైట్‌ఊరు | శనివారం, మధ్యాహ్నం 2:30

మాస్టారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. పంచె ఇక్కడ కట్టాలని నాకూ ఉంది, వేసవిలో రెండుసార్లు కట్టాను కూడా. ఎనిమిది నెలలు వాన, ఈదురుగాలి. పల్చటి నూలు పంచె ఉత్తర సముద్రపు గాలికి నిలవదు. కిల్ట్ వెనక ఉండే బరువు వేరు. ఎనిమిది గజాల ఉన్ని, దాదాపు రెండు కిలోలు. ఇక్కడి వాతావరణం కోసమే పుట్టిన బట్ట అది.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ బట్ట మీద నాకు గౌరవం ఎలా కలిగిందో చెబుతాను. మొదట కిల్ట్ అంటే ఇప్పుడున్నట్టు కుట్టినది కాదు. 16వ శతాబ్దం చివరికే స్కాట్లాండ్ కొండప్రాంతపు (హైలాండ్స్) మగవాళ్ళు ఒక పొడవాటి ఉన్ని గుడ్డను కుచ్చిళ్ళు పోసి, నడుముకు బెల్టు బిగించి, మిగిలినది భుజం మీదికి వేసుకునేవాళ్ళు. రాత్రి అదే దుప్పటి. వాళ్ళ భాష గేలిక్‌లో దాన్ని ఫేలా మోర్ అంటారు, పెద్ద చుట్టు అని. తర్వాత 18వ శతాబ్దంలో పై భాగం తీసేసి నడుము కిందది మాత్రమే మిగిల్చారు. అది ఫేలా బెగ్, చిన్న చుట్టు.

1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ యుద్ధంలో, ప్రభుత్వం మీద తిరగబడిన హైలాండర్లు ఓడిపోయారు. ఆ ఏడే బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసింది. 1747 ఆగస్టు 1 నుంచి మగవాళ్ళు ఈ దుస్తులు కడితే మొదటిసారి ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ళు సముద్రాల అవతలికి ప్రవాసం. సైన్యంలో చేరినవాళ్ళకు మాత్రమే మినహాయింపు. 1782లో గానీ ఆ చట్టం పోలేదు. అంటే ముప్పై అయిదేళ్ళు, ఒక తరం మొత్తం. తండ్రి కట్టింది కొడుకు కట్టకుండా పెరిగాడు. కట్టే అలవాటు, కట్టడం తెలిసిన చేతులు చాలా ఊళ్ళలో ఆ మధ్యలోనే పోయాయి.

మనకి ఏ చట్టమూ అడ్డు రాలేదు మాస్టారూ. బెల్ మోగగానే నేనే పరిగెత్తాను. ఆ సిగ్గు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఏడాదిగా ఆలోచిస్తున్నాను.

స్వాతిచినుకు (గ్లాస్గో) | శనివారం, సాయంత్రం 5:20

మా ఆయన కూడా వారంలో మూడు రోజులు కట్టుకుంటారు. ఇంటి వైపు నుంచి నేను రాస్తాను.

మొదట్లో నాకు ఇబ్బందిగానే ఉండేది. నలుగురూ ఏమనుకుంటారో అన్న టెన్షన్. అత్తగారికి వీడియో కాల్‌లో కనిపించకుండా కెమెరా పైకి పట్టుకునేదాన్ని. ఓసారి పాప ఫోన్ లాక్కుని కిందికి తిప్పేసింది. అత్తగారు కాసేపు చూసి, "గుడ్డ గట్టిగా ఉందే, ఎంతకి కొన్నావురా?" అని అడిగారు. అంతే. నేనే అనవసరంగా నాలుగు నెలలు భయపడ్డాను.

అయితే ఒక విషయం ఎవరూ రాయలేదు, అది రాయాలి. ఒక శుక్రవారం రాత్రి ఊళ్ళో ఒక రెస్టారెంట్ బయట, తాగి ఉన్న ఒకావిడ వెనక నుంచి వచ్చి మా ఆయన కిల్ట్ పైకి లేపబోయింది. ఆవిడ స్నేహితులు నవ్వారు. మా ఆయన ముఖం పాలిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని సరదాగా తీసుకోమన్నారు. నా లంగా ఎవరైనా అలా లేపితే పోలీసులను పిలవమనేవాళ్ళు కదా? లోపల ఏం వేసుకున్నారని అపరిచితులు అడగడం కూడా అలాంటిదే. ఆయనకి రెండు వారాలు కిల్ట్ ముట్టబుద్ధి కాలేదు. కొత్తగా కట్టేవాళ్ళకి చెబుతున్నా, అలా జరిగితే నవ్వి ఊరుకోకండి. వద్దని గట్టిగా చెప్పండి, అవసరమైతే ఫిర్యాదు చేయండి.

సియాటిల్_వడ్రంగి | శనివారం, సాయంత్రం 5:48

స్వాతి గారూ, రాసినందుకు థాంక్స్. నాకూ జరిగింది, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

చీరాలమగ్గం (చీరాల) | శనివారం, రాత్రి 8:05

అన్నలూ, అక్కా. నేను నేత ఇంటివాణ్ణి. కిల్ట్ ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు గానీ, టార్టన్ గుడ్డ (కిల్ట్ కుట్టే గళ్ళ ఉన్ని) ముక్క ఒకటి మా దగ్గరుంది. ఎగుమతుల ఆయన నమూనా కోసం ఇచ్చాడు. ఈ చర్చ చదివి దాన్ని బయటికి తీసి భూతద్దం కింద పెట్టాను.

మా లుంగీ గుడ్డ సాదా నేత. పేక దారం (అడ్డపోగు) పడుగులో (నిలువు పోగుల్లో) ఒకదాని పైనుంచి, ఒకదాని కిందినుంచి వెళ్తుంది. టార్టన్‌లో పేక రెండు పోగుల పైనుంచి, రెండు పోగుల కిందినుంచి వెళ్తుంది. ప్రతి వరసకీ ఒక పోగు పక్కకి జరుగుతుంది. అందుకే గుడ్డ మీద సన్నటి ఏటవాలు గీతలు కనిపిస్తాయి, గుడ్డ బరువుగా, మెత్తగా జారుతుంది, కుచ్చిళ్ళు పోస్తే నిలబడుతుంది. రంగుల లెక్క పడుగులో ఎలా ఉందో పేకలోనూ అదే. ఒక గడి మధ్యకి వచ్చాక లెక్క వెనక్కి తిరుగుతుంది. నాలుగు వైపుల నుంచి చూసినా ఒకటే. ఆ లెక్కే ఒక్కో టార్టన్‌కి గుర్తు.

మా ఊరికీ గళ్ళకీ ఉన్న సంబంధం పాతది. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని పేరు మద్రాసుదే గానీ, నేసింది చాలావరకు చీరాల, ఆ చుట్టుపక్కల మగ్గాల మీద. ఆ గళ్ళ గుడ్డ ఓడలెక్కి నైజీరియా వెళ్ళేది. అక్కడి కలబారి వాళ్ళు పుట్టినప్పుడూ పోయినప్పుడూ దాన్నే వాడతారు. మా తాత నేసిన గుడ్డ ఏ ఇంట్లో ఎవరు కట్టుకున్నారో ఆయనకి తెలియదు. మాస్టారు పరాయి గుడ్డ అన్నప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. నేసేవాడికి పరాయి గుడ్డ అంటూ ఉండదండి, కట్టుకునేవాడు మర్యాదగా కట్టుకుంటే చాలు.

లాల్‌దర్వాజ (హైదరాబాద్) | శనివారం, రాత్రి 9:30

అన్నా, మస్తు సంతోషం ఈ చర్చ చూసి. నేను రెండేళ్ళు ఎడిన్‌బరోలో చదువుకుని వచ్చిన. అక్కడ కట్టుకున్న. ఇక్కడికి వచ్చినంక ఆ ఉన్ని కిల్ట్ మే నెలలో కట్టుకుంటే కుంపటి నడుముకు కట్టుకున్నట్టే ఉంది. అయినా వదలబుద్ధి కాలేదు. నవంబర్, డిసెంబర్‌లో రాత్రిపూట కట్టుకుంటున్న.

ఒకసారి దోస్తు పుట్టినరోజుకి ఒక క్లబ్బుకి పోయినం. గేటు దగ్గర ఆపిండ్రు. కిల్ట్ చూసి మేనేజర్ వచ్చి సారీ చెప్పి లోపలికి పంపిండు. మా వెనకనే ఒక పెద్దాయన తెల్ల పంచెలో వచ్చిండు. ఆయనను మాత్రం లోపలికి పోనియ్యలే. రూల్ ఉందన్నరు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను కూడా లోపలికి పోకుండా ఆయనతో బయటకి వచ్చిన. పార్కింగ్ దగ్గర ఇద్దరం చాయ్ తాగి ఇంటికి పోయినం. తమిళనాడులో 2014లో ఒక హైకోర్టు జడ్జినే వేష్టి (తమిళుల పంచె) కట్టుకున్నందుకు క్రికెట్ క్లబ్బులోకి రానివ్వలేదు. అక్కడి ప్రభుత్వం ఆ ఏడే చట్టం చేసి, వేష్టి కట్టినవాళ్ళను ఆపకూడదని చెప్పింది. మన రెండు రాష్ట్రాలలో కూడా అట్లాంటి చట్టం రావాలని నా కోరిక.

పంచెకట్టు | శనివారం, రాత్రి 10:15

నాయనా లాల్‌దర్వాజా, నువ్వు ఆ పెద్దాయనతో బయటికి వచ్చేశావని చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

నేను చెప్పని సంగతి ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పంచెలోనే బడికి వెళ్ళేవాణ్ణి. తనిఖీకి వచ్చిన ఒక అధికారి వరండాలో నన్ను చూసి, మంచినీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. తర్వాత తరగతిలో నన్ను చూసి ఆయనేమీ ఇబ్బంది పడలేదు, రేపట్నుంచి కాస్త డీసెంట్‌గా రండి అన్నాడు. మర్నాడు ప్యాంటు కుట్టించుకున్నాను. ముప్పై రెండేళ్ళు ప్యాంటులోనే పాఠం చెప్పాను. పిల్లలకి ప్రబంధాలు చెబుతూ కూడా. పొద్దున మీ మీద కోపంగా రాసిన ఉత్తరంలో సగం కోపం నా మీదిదే.

లీత్ బాబూ, నీ తెలుగు చక్కగా ఉంది. పరాయి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు పుట్టిన ఊరి బట్ట నీకు పరాయి ఎలా అవుతుంది?

కృష్ణాతీరం_డాక్టర్ (మచిలీపట్నం) | ఆదివారం, ఉదయం 7:20

చర్మవ్యాధుల డాక్టర్‌గా రెండు మాటలు.

మన కోస్తాలో గజ్జల్లో తామరతో వచ్చే మగవాళ్ళు ఎక్కువ. బిగుతు జీన్స్, సింథటిక్ లోదుస్తులు, చెమట, తడి ఆరకపోవడం. మందుతో పాటు నేను చెప్పేది, ఇంట్లో ఉన్నంతసేపు లుంగీ కట్టుకోండి అని. గాలి ఆడే బట్ట ఏదైనా మంచిదే.

సంతానం సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి ముందే చెబుతాను. 2013లో స్కాటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం వచ్చింది. వృషణాలు చల్లగా ఉండడం వీర్యానికి మేలు కాబట్టి కిల్ట్ మేలు చేయవచ్చని అందులో వాదన. అది ఉన్న సమాచారం పేర్చి చేసిన ఊహ. కిల్ట్ కట్టినవాళ్ళను, కట్టనివాళ్ళను పోల్చి చేసిన ప్రయోగం కాదు. పిల్లలు లేక బాధపడుతున్నవాళ్ళు బట్ట మార్చి ఆగిపోకుండా డాక్టర్ని కలవండి.

ఉన్ని నేరుగా చర్మానికి తగిలితే కొందరికి దురద. నూలు లోదుస్తు వేసుకోండి. లోపల ఏమీ వేసుకోకపోతేనే అసలైన స్కాట్ అన్న మాటను పట్టుకుని ఒళ్ళు గీరుకోనక్కర్లేదు.

లీత్‌పిల్లాడు | ఆదివారం, ఉదయం 9:40

థాంక్యూ మాస్టారూ!

ఒక చరిత్ర సంగతి చెప్తాను. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు కందకాల్లో కిల్ట్‌తోనే ఉన్నారు. కుచ్చిళ్ళలో పేలు చేరేవి. బురద పట్టి చలికి గడ్డకడితే అంచు కత్తిలా మోకాలి వెనక కోసేది. అందుకని ఉన్ని బట్ట ఎప్పుడూ గొప్పే అని నేను అనను. పని ఏంటో చూసి కట్టుకోవాలి. మా పైప్ బ్యాండ్ సార్ తడిసిన కిల్ట్‌ని రేడియేటర్ మీద వేస్తే తిట్టేవారు. మామూలు గాలికి వేలాడదీసి ఆరబెట్టాలి.

లాల్‌దర్వాజ | ఆదివారం, ఉదయం 10:05

గ్రానైట్ అన్నా, ఎవరి టార్టన్ కట్టుకుంటున్నవ్? వేరే వంశం గళ్ళు కట్టుకుంటే వాళ్ళకి కోపం రాదా? ఇంకోటి, కొత్తగా కొనేటోళ్ళకి కొలతలు, ఖర్చు కూడా రాయవా?

గ్రానైట్‌ఊరు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

తమ్ముడూ, టార్టన్ గురించి నాకూ అదే భయం ఉండేది. కుట్టే ఆవిడనే అడిగాను. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళు అన్న పద్ధతి చాలావరకు 19వ శతాబ్దంలో స్థిరపడింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలా రచయిత వాల్టర్ స్కాట్ ఏర్పాట్లు చేసి ఊరంతా టార్టన్ కట్టించాక ఆ మోజు బాగా పెరిగింది. ఎవరైనా కట్టుకోదగ్గ గళ్ళు ఉన్నాయి. నాది బ్లాక్ వాచ్ అనే టార్టన్: ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు. ఇక్కడి సిక్కుల కోసం 1999లో సింగ్ టార్టన్ కూడా వచ్చింది. 2009 నుంచి అధికారిక రిజిస్టర్ ఉంది, కొత్త గళ్ళు ఎవరైనా నమోదు చేయించుకోవచ్చు. చీరాల తమ్ముడూ, ఇది నీ కోసం కూడా రాస్తున్నాను.

కొలత విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఆన్‌లైన్‌లో జీన్స్ సైజు ఇచ్చి తెప్పించాను. పట్టీలు అందలేదు. కిల్ట్ నడుం జీన్స్ నడుం కాదు. బొడ్డు దగ్గర, పంచె ముడి పడే చోట చుట్టి కొలవాలి. నాకు రెండున్నర అంగుళాలు తేడా వచ్చింది. పొడవుకి నేల మీద మోకాళ్ళూని కూర్చోవాలి, అంచు నేలకి ఒక అంగుళం పైన ఆగాలి.

కట్టే తీరు ఇది. కుచ్చిళ్ళు వెనక. కుడి చేతి వైపు కొసను ముందునుంచి ఎడమ వైపుకి తెచ్చి, దాని పట్టీని నడుం దగ్గర ఉన్న చీలికలోంచి బయటికి లాగి బకిల్ పెట్టాలి. తర్వాత ఎడమ వైపు కొస దాని మీదుగా కుడి తుంటికి. పైన పిన్ను పెడితే పై పొర ఒక్కదానికే గుచ్చండి. రెండు పొరలకీ కలిపి గుచ్చితే కూర్చోగానే చిరుగుతుంది. ముందు వేలాడే తోలు సంచిని స్పోరన్ అంటారు. జేబులు ఉండవు కాబట్టి తాళాలూ ఫోనూ అందులోనే. వక్కలూ అడకత్తెరా పెట్టుకునే మా తాత తోలుతిత్తి ఎంత ఉండేదో అంతే ఉంటుంది.

కూర్చునే ముందు అరచేయి వెనక పెట్టి కుచ్చిళ్ళు కిందికి నిమురుతూ కూర్చోవాలి. మొదటి నెలంతా మర్చిపోయేవాణ్ణి, బస్సు దిగేసరికి వెనక నలిగి ముద్దయ్యేది. మా ఆవిడ చూసి, చిన్నప్పుడు పరికిణీ వేసుకున్న రోజున మా అమ్మ నాకు నేర్పింది ఇదే అంది. ఇప్పుడు చేయి దానంతట అదే వెళ్తుంది.

ఖర్చు తక్కువేం కాదు. చేత్తో కుట్టిన ఎనిమిది గజాల ఉన్నిది ఐదారు వందల పౌండ్ల పైమాటే. యాత్రికుల దుకాణాల్లో నలభై యాభైకి దొరికేవి సింథటిక్, కుచ్చిళ్ళు నిలవవు. ఐదు గజాల సాదా కిల్ట్‌తో మొదలుపెట్టండి. చేత్తో కుట్టేవాళ్ళు తగ్గిపోతున్నారు. అంతరించే ప్రమాదమున్న చేతిపనుల జాబితాలో ఇక్కడ కిల్ట్ కుట్టడాన్నీ చేర్చారు. నా కిల్ట్ కుట్టినావిడ వేలి చివర సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయ కాసింది. వెనక ప్రతి కుచ్చు మీదా గడి సరిగ్గా పక్క గడితో కలిసేలా మడిచి, ఒక్కో కుచ్చూ విడిగా కుట్టింది. కుచ్చు మీద వేలు పెట్టి నడుం నుంచి కిందికి జరిపితే గీత ఎక్కడా తప్పదు.

ఉతకకూడదు. బ్రష్ కొట్టి గాలికి వేయాలి. దాచేటప్పుడు కలరా ఉండలు, లేకపోతే ఉన్నికి పురుగు పడుతుంది.

ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. సముద్రంలో చమురు తీసే రిగ్ మీదికి వెళ్ళే రోజు మాత్రం మంట అంటని ఓవరాల్సే. అక్కడ వేరే మాట లేదు.

చీరాలమగ్గం | ఆదివారం, సాయంత్రం 4:10

అన్నా, రిజిస్టర్ సంగతి చదివాక మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. లాల్‌దర్వాజ అన్న ఎండకి కట్టుకోలేకపోతున్నాడు కదా. నూలుతో టార్టన్ నేత నేస్తే?

నాన్నని అడిగాను. మగ్గానికి ఇప్పుడు కాలితో తొక్కే చెక్కలు రెండే ఉన్నాయి. ఈ నేతకి నాలుగు కావాలి, తొక్కే వరస మారుతుంది, కాళ్ళు కొత్తగా నేర్చుకోవాలి. నూలు ఉన్నిలా కుచ్చు పట్టదు, కాబట్టి రెండు పేటల లావు దారం వాడాలి, కట్టిన ప్రతిసారీ ఇస్త్రీ తప్పదు. అది ముందే చెప్పేస్తున్నాను. రంగులు మా తేలియా రుమాలువి: ఎరుపు, నలుపు, తెలుపు. నాన్న వయసు అరవై ఎనిమిది. అడగ్గానే మగ్గం గుంటలోకి దిగి చెక్కలు ఎక్కడ బిగించాలో చూస్తున్నాడు. ఆయన కొత్త నేత గురించి ఇంత ఉత్సాహపడడం నేను చూసి చాలా ఏళ్ళయింది.

లాల్‌దర్వాజ | ఆదివారం, సాయంత్రం 4:25

తమ్మీ, మొదటి ఐదు గజాలు నావి. ఎంతైనా సరే.

స్వాతిచినుకు | ఆదివారం, సాయంత్రం 5:00

మాకూ ఐదు గజాలు. ఎరుపు తక్కువగా ఉండేలా చూడండి, ఆయనకి నప్పదు.

పంచెకట్టు | ఆదివారం, రాత్రి 8:45

చీరాల నాయనా, ఈ వయసులో నేను కిల్ట్ కట్టను. కానీ ఈ సాయంత్రం పంచె కట్టుకుని, కండువా వేసుకుని, బీసెంట్ రోడ్డు దాకా నడిచి వెళ్ళి మందులు కొనుక్కుని వచ్చాను. దారిలో నా పాత విద్యార్థి ఒకడు బండి ఆపి, ఏం మాస్టారూ ఇంట్లో శుభకార్యమా అని అడిగాడు. ఏమీ లేదురా, ఆదివారం అన్నాను.

మీ నాన్నగారు నూలు పంచెలు కూడా నేస్తారా? తొమ్మిది మూరలది ఒక జత కావాలి. సన్నంచు చాలు.

చీరాలమగ్గం | ఆదివారం, రాత్రి 9:10

నేస్తారు మాస్టారూ, అడ్రస్ పర్సనల్ మెసేజ్‌లో పంపండి. గ్రానైట్ అన్నా, నీ కిల్ట్ వెనక ఒక గడి నుంచి ఇంకో గడికి ఎన్ని అంగుళాలో టేపు పెట్టి కొలిచి ఫోటో పంపు. కుచ్చు మీద గడి కలవాలంటే నాకు ఆ లెక్క కావాలి. రేపు పొద్దున పడుగు పోస్తున్నాం.